మిగిలిన ఆరు రోజులు

   

ఈ సెమినరీ పట్టాల సభకు నన్ను పిలవడానికి వచ్చిన అధ్యాపకుడితో, "నేను వేదాంతం చదవలేదు నాయనా, నర్సింగు చదివాను, గుంటూరు జిల్లాలో మిషను ఆసుపత్రిలో పనిచేసి రిటైరయ్యాను" అని చెప్పాను. "అందుకేనమ్మా పిలుస్తున్నాం" అన్నాడు. సరే అన్నాను. గ్రీకు, హెబ్రీ మీకొచ్చు, నాకు రావు. మంచం పట్టిన మనిషి దగ్గరికి పాస్టరుగారు వచ్చినప్పుడు ఏం జరుగుతుందో మంచం అవతలి పక్కన నిలబడి చూసినదాన్ని. సెలైన్ బాటిలు మారుస్తూ మీలాంటివాళ్ళ ప్రార్థనలు చాలా విన్నాను. నా అర్హత అదొక్కటే.

దేవుని ప్రేమలో, ఆయన ఆత్మలో ప్రతిదినం ఎలా బతకాలో చెప్పమన్నారు. ఆదివారం ఎలా బతకాలో మీకిక్కడ బాగానే నేర్పి ఉంటారు. దాని జోలికి పోను. సోమవారం నుంచి శనివారం దాకా ఏం చేస్తారన్నదే నా దిగులు.

కదలలేని రోగిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. నర్సింగులో చేరిన కొత్తలోనే చెప్పే పాఠం ఇది. తిప్పకపోతే నడుము కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయి. పగలంతా ఎంత శ్రద్ధగా తిప్పినా, రాత్రి డ్యూటీ అమ్మాయి కునుకు తీసిందంటే తెల్లారేసరికి చర్మం ఎర్రబడి కనిపిస్తుంది. ఆదివారం గంటసేపు వరసగా తిప్పేశాను, ఇక వారమంతా అక్కర్లేదు అనే నర్సును ఎవరైనా పనిలో ఉంచుకుంటారా? దేవుని ప్రేమ దగ్గర మాత్రం మనలో చాలామంది ఈ లెక్కే వేసుకుంటున్నాం. ఉజ్జీవ సభల్లో మూడు రాత్రులు ఏడుస్తాం, ఉపవాస కూడికలో నలభై రోజులు పూర్తి చేస్తాం, మర్నాడు ఆటోవాడితో పది రూపాయల దగ్గర నోరు పారేసుకుంటాం.

ఇప్పుడు అసలు బాధ చెప్తాను. మైకు.

నవ్వకండి. పల్లెలో నలభై ఇళ్ళ సంఘం ఉంటుంది. గుడి చూస్తే రెండు గదులంత. అందులో పెళ్ళి ఊరేగింపుకు సరిపోయే సౌండు బాక్సులు పెడతారు. గట్టిగా అరిస్తే ఆత్మ దిగినట్టు, నెమ్మదిగా మాట్లాడితే దిగనట్టు మన జనానికి ఎవరు నేర్పారో తెలియదు కానీ బాగా నేర్పారు. పక్కింట్లో పరీక్షకు చదువుకునే పిల్ల ఉంటుంది, ఎదురింట్లో గుండె జబ్బు ముసలాయన ఉంటాడు. వాళ్ళు మన దేవుణ్ణి ఎరుగుదురో లేదో గాని, మన బాక్సుల్ని మాత్రం బాగా ఎరుగుదురు.

ఒకసారి మా మెడికల్ వార్డుకు ఒక దైవసేవకుడు వచ్చాడు. పేరు చెప్పను. సాయంత్రం, తలకు దెబ్బ తగిలిన కుర్రాడికి అప్పుడే నిద్ర పట్టింది. ఈయన పక్క మంచం దగ్గర నిలబడి, చెయ్యెత్తి, వార్డంతా అదిరేలా ప్రార్థన మొదలుపెట్టాడు. నేను వెళ్ళి, "అయ్యగారూ, కాస్త మెల్లగా చేయండి, పక్కన తల కేసు ఉంది" అన్నాను. "ఆత్మ వచ్చినప్పుడు ఆపుకోలేమమ్మా" అన్నాడు. "గలతీయుల పత్రికలో ఆత్మ ఫలాల వరసలో చివరిది నిగ్రహమేనండి, అదీ ఆత్మే ఇస్తుందిట" అన్నాను. ఆయన నా వంక అదోలా చూశాడు. తర్వాత వారం మా సూపరింటెండెంటుకు నా మీద ఫిర్యాదు వెళ్ళింది, నర్సులకు భక్తి లేదని.

పిల్లలూ, పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రికలో పన్నెండో అధ్యాయం ఆత్మ వరాల గురించి, పద్నాలుగోదీ ఆత్మ వరాల గురించే. ఆ రెంటి నడుమ పదమూడో అధ్యాయం ఉంది. ప్రేమ గురించిన ఆ మాటలు మనం పెళ్ళిళ్ళలో చదువుతాం, కార్డుల మీద అచ్చు వేయిస్తాం. కానీ పౌలు దాన్ని పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు కోసం రాయలేదు. వరాలు ఎక్కువై, కూడికలో ఒకరి మీద ఒకరు పడి అరుచుకుంటున్న సంఘానికి చీవాట్లు పెడుతూ రాశాడు. సెమినరీలో ఈ మాట మీకు చెప్పే ఉంటారు. చెప్పకపోతే ఫీజు వాపసు అడగండి.

ఇంకొకటి, అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం. యెరూషలేము సంఘంలో గొడవ వచ్చింది. ఎందుకు? సిద్ధాంతం దగ్గర కాదు, అన్నం దగ్గర. గ్రీకు మాట్లాడే విధవరాళ్ళకు రోజువారీ వడ్డనలో తక్కువ చేస్తున్నారని సణుగుడు. అపొస్తలులు ఏడుగురిని ఎన్నుకోమన్నారు. వాళ్ళకు ఉండాల్సిన అర్హతల్లో మంచి పేరు ఒకటి, జ్ఞానం ఒకటి, పరిశుద్ధాత్మతో నిండి ఉండడం ఇంకొకటి. గమనించారా? ప్రసంగానికి కాదు, స్వస్థత కూటానికి కాదు, ముసలమ్మలకు సరిగ్గా వడ్డించడానికి ఆత్మ నింపుదల కావాలన్నారు. నేను వార్డులో పథ్యం ట్రేలు పంచే రోజుల్లో ఇది చదివి చాలా సంతోషపడ్డాను. మా పని బైబిల్లో ఉందని. అందరికంటే ముందు పంచేది డాక్టరుగారి బంధువుకు కాదు, ఎవరూ లేని మనిషికి అని అప్పుడే నిర్ణయించుకున్నాను. దాంతో కొందరు డాక్టర్లకు నేనంటే గిట్టలేదు, అది వేరే కథ.

మన తెలుగు సంఘ చరిత్రలో ఒక అంకె మీ అందరికీ కంఠస్థం. 1878 జూలై 3న ఒంగోలుకు చేరువలో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. సభల్లో ఈ అంకె చెప్పగానే చప్పట్లు మోగుతాయి. దాని వెనక ఉన్నది మాత్రం ఎవరూ చెప్పరు. అంతకుముందు 1876 నుంచి కరువు. మన పెద్దలు ధాతు కరువు అనేవాళ్ళు. జనం ఆకలితో రోడ్ల పక్కన పడి చచ్చిపోతుంటే, ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో కొంత ముక్క తవ్వే కాంట్రాక్టు తీసుకున్నాడు. కూలి దొరుకుతుందని వేలమంది వచ్చారు. మన తెలుగు బోధకులే మేస్త్రీలయ్యారు. పని ఆపి సేదదీరే వేళ కూలీల పక్కన కూర్చుని మాట్లాడేవాళ్ళు. తమకు తెలిసిన దేవుడి సంగతి అక్కడే చెప్పారు, మట్టి గంపల మధ్య. ఎంతమంది అడిగినా కరువు కాలంలో దొర బాప్తిస్మం ఇవ్వలేదు. కూటి కోసం కలిశారన్న మాట రాకూడదని. కరువు తగ్గి, పని అయిపోయాక కూడా వాళ్ళు తిరిగొచ్చి అడిగారు. అప్పుడు గుండ్లకమ్మ.

ఆ కాలువ తీసేసి అంకె ఒక్కటే పట్టుకుపోతే మిగిలేది మనకు తెలుసు. ఇవాళ యూట్యూబులో ఎన్ని వ్యూలు వచ్చాయన్న లెక్క.

మా గుంటూరు సంగతీ చెప్పనివ్వండి, అక్కడి అన్నం తిన్నదాన్ని. మిషనరీగా డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో వచ్చారు. ఆమె వైద్యురాలే. కానీ పంపినవాళ్ళు వైద్యం కోసం పంపలేదు, ఇళ్ళలోని ఆడవాళ్ళకు చదువు చెప్పే పని మీద పంపారు. ఆమె ఆ పని చేస్తూనే గుమ్మంలోకి వచ్చిన రోగుల్ని చూశారు. ఆసుపత్రి తెరిచింది 1898లో. నడుమ పదిహేనేళ్ళు. మనం గుర్తుపెట్టుకునేది 1898 ఒక్కటే. ఆ పదిహేనేళ్ళలో ఎన్ని గడపలు తొక్కి ఉంటారో, ఎన్ని ఇళ్ళలో నువ్వు ముట్టుకోవద్దని అని ఉంటారో. 1930లో గుంటూరులోనే కన్నుమూశారు. ఆత్మలో బతకడం అంటే నాకు ఆ నడుమ పదిహేనేళ్ళే ముందు గుర్తొస్తాయి.

పెద్దవాళ్ళ కథలు చాలు. మా వార్డులో ఒక ఆయా ఉండేది. చదువు లేదు, సంతకం బదులు వేలిముద్ర. కాలిన కేసులు, ముఖ్యంగా ఆడపిల్లలవి, వచ్చినప్పుడు మాకు గుండె జారిపోయేది. అత్తింట్లో ఏం జరిగిందో చెప్పరు, స్టవ్వు పేలింది అంటారు. పుట్టింటివాళ్ళు ఒక్కోసారి రానేరారు. ఈ ఆయా డ్యూటీ అయిపోయాక ఇంటికి వెళ్ళకుండా, అలాంటి అమ్మాయి మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చునేది. ముట్టుకోవడానికి ఒళ్ళంతా పుండే కాబట్టి ఎక్కడా ముట్టుకోలేదు. కూర్చునేది, అంతే. "ఏం చేస్తున్నావే అక్కడ?" అని అడిగితే, "ఒక్కతే ఉందమ్మా" అనేది. ఆమె నోట నేను ఎప్పుడూ పెద్ద ప్రార్థన వినలేదు. ఆదివారం గుళ్ళో వెనక, చాప చివర కూర్చునేది. మన సంఘాల్లో అలాంటివాళ్ళను ముందుకు రమ్మని ఎవరూ పిలవరు.

అలాగే ఒక పల్లె పాస్టరుగారు ఉండేవాడు. చొక్కా జేబులో పెన్ను పక్కన నెయిల్ కట్టర్ ఉండేది. పక్షవాతం వచ్చినవాళ్ళకు గోళ్ళు పెరిగి అరచేతిలో గుచ్చుకుంటాయి, ఇంటివాళ్ళు గమనించరు. ఆయన గమనించాడు. వచ్చి, మంచం మీద పాత పేపరు పరిచి, గోళ్ళు తీసి, పేపరు మడిచి పారేసి, చేతులు కడుక్కుని, అప్పుడు రెండు ముక్కలు ప్రార్థన చేసేవాడు. ఆ రోగి తన సంఘమా, వేరే సంఘమా, అసలు క్రైస్తవుడా అని అడిగేవాడు కాదు. ఆయన ప్రసంగం నేను ఒకసారి విన్నాను. మొహమాటం లేకుండా చెప్పాలంటే నిద్ర వచ్చింది. అయినా మా వార్డులో ఎవరికి బాగోలేకపోయినా ఆయనకే కబురు పెట్టమనేవాళ్ళు.

ఇక్కడ మీరొక ప్రశ్న అడగాలి. అంత తేలికైతే అందరం ఎందుకు అలా బతకడం లేదు? భయం వల్ల అనుకుంటున్నాను. సంఘం పెరగకపోతే ఏమంటారో, పక్క ఊరి పాస్టరుకు కారు వచ్చింది, నాకు టూవీలరే, నా మాటకు జనం ఏడవడం లేదేమో అని. దేవుడు తనను ప్రేమిస్తున్నాడని పుస్తకంలో రాసి మార్కులు తెచ్చుకున్న మనిషి, ఆ సంగతి తన గురించి నమ్మకపోతే, మిగతా జీవితమంతా జనం చప్పట్లలో దాన్ని వెతుక్కుంటాడు. అప్పుడు గొంతు పెరుగుతుంది. మీలో కొందరి కళ్ళలో ఆ భయం ఇప్పుడే కనిపిస్తోంది. దేవుని ప్రేమను మన హృదయాల్లో కుమ్మరించేది పరిశుద్ధాత్మేనని రోమా పత్రిక అయిదో అధ్యాయంలో చదువుకున్నారు కదా. పొద్దున్నే లేచి, ఫోను ముట్టుకోకముందు, ఆ ఒక్క సంగతి దేవుడి దగ్గర అడిగి తీసుకోండి. నేను డ్యూటీ ఎక్కేముందు సింకు దగ్గర చేతులు కడుక్కుంటూ అడిగేదాన్ని. సబ్బు నురగ పోయేలోపు అయిపోయే ప్రార్థన. కొన్ని రోజులు ఏమీ అనిపించేది కాదు. రాత్రి ఇద్దరు ముగ్గురు పోయిన తెల్లారి అసలు నోట మాట రాదు. అయినా వార్డులోకి వెళ్ళేదాన్ని, మొదటి మంచం దగ్గర నుంచి మొదలుపెట్టేదాన్ని. రెండో మంచమో మూడో మంచమో వచ్చేసరికి ఎవరో ఒకరు నవ్వేవాళ్ళు.

అబ్బాయిలకు ఒక మాట, పెళ్ళైనవాళ్ళకూ కాబోయేవాళ్ళకూ. ఎఫెసీయుల పత్రిక అయిదో అధ్యాయంలో ఆత్మతో నిండమని చెప్పిన పౌలు, నాలుగు అడుగులు వేశాడో లేదో ఇంట్లోకి వచ్చేస్తాడు. భర్తలూ, భార్యలూ, పిల్లలూ, పనివాళ్ళూ. గుళ్ళో ప్రసంగం ఎలా ఉందని సంఘాన్ని అడగకండి. వెనక గదిలో ఇరవై మందికి వంట చేస్తూ మీ ప్రసంగం వినలేకపోయిన అమ్మగారిని అడగండి, ఈ వారం మీరు ఆమెతో ఎలా మాట్లాడారో. అమ్మాయిలూ, పట్టా చేత పట్టుకుని ఆ వెనక గదిలోకే వెళ్ళిపోకండి. దానికి ఇంత చదువు అక్కర్లేదు.

ఇంకో చాదస్తం. తెల్లవారి అయిదుకే వాట్సాప్‌లో వాగ్దానం పంపుతారు, గులాబీ పువ్వు బొమ్మ మీద. నాకూ రోజుకు పది పదిహేను వస్తాయి. పంపినవాళ్ళలో కొందరి సంఘాల ముసలివాళ్ళు మా ఆసుపత్రిలో వారాల తరబడి పడి ఉన్నా, వాళ్ళు ఒక్కసారి గుమ్మం తొక్కలేదు. బొమ్మ మాత్రం రోజూ వచ్చింది.

నా సమయం అయిపోయిందని ప్రిన్సిపాల్ గారు గడియారం చూస్తున్నారు. ముగిస్తున్నాను. మీరు మొదటి సంఘానికి వెళ్ళిన వారం కమిటీవాళ్ళు ముందు గుడి చూపిస్తారు, తర్వాత సౌండు బాక్సులు చూపిస్తారు. బాగున్నాయని చెప్పండి, వాళ్ళు చందాలు వేసుకుని కొన్నారు. ఆ తర్వాత ఊళ్ళో మంచం పట్టినవాళ్ళ పేర్లు అడగండి. మన సంఘంవాళ్ళవే కాదు, అందరివీ. కాగితం మీద రాసుకోండి. ఆదివారం లోపు ఒక్కో ఇంటికీ వెళ్ళి, కాసేపు కూర్చుని రండి. ఫోటోలు తీయకండి.