అవయవాలు ఊరికే పోవు



ఇలా ఫోన్ల ముందే కూర్చుంటే రాబోయే తరాలకు కాళ్లు సన్నబడిపోతాయా అని చదువుకున్న పెద్దలు కూడా అడుగుతుంటారు. పోవు. తరతరాలుగా ఆడపిల్లలకు చెవులు కుట్టిస్తున్నాం. తమ్మెకు రంధ్రంతో పుట్టిన బిడ్డను ఎవరైనా చూశారా? ఒక జన్మలో ఒంటికి జరిగింది బీజంలోకి ఎక్కదు. జర్మనీలో జీవశాస్త్రవేత్త వైజ్‌మన్ ఎలుకల తోకలు తరాల తరబడి కత్తిరించి చూశాడు. తోకలు తగ్గలేదు.

మరి జ్ఞానదంతానికి చోటు చాలకపోవడం మాటేమిటంటారా? పెరిగే వయసులో గట్టి తిండి నమిలితే దవడ ఎదుగుతుంది. మెత్తని తిండికి అలవాటైతే అది పొట్టిగా ఉండిపోయి, చివరి పన్నుకు చోటు చాలదు. ఇందులో పెంపకం పాత్ర పెద్దది. ఆ పన్ను అసలు మొలవనివాళ్ల సంగతి వేరు, అది వంశంలో వచ్చే లక్షణం.

మరి అవయవాలు నిజంగా పోవా? పోతాయి, కానీ వాడకపోవడం వల్ల కాదు. జన్యువు చెడినా నష్టం లేనప్పుడు సహజవరణం దాన్ని ఏరిపారేయదు. విటమిన్ సిని చాలా జంతువులు తమ ఒంట్లోనే తయారు చేసుకుంటాయి. మన పూర్వీకులకు, బహుశా పండ్లు పుష్కలంగా దొరకడం వల్ల, దాన్ని తయారుచేసే జన్యువు చెడిపోయినా బతుకు ఆగలేదు. కోట్ల ఏళ్ల తర్వాత, నెలల తరబడి తాజా పండూ కూరా లేకుండా సముద్రం మీద తిరిగిన నావికులు చిగుళ్లు కుళ్లి, మానిన గాయాలు తిరిగి తెరుచుకుని చనిపోయారు. ఓడరేవు పక్కన బతికే మనం ఈ కథ పిల్లలకు చెప్పాలి.

పనిలేని అవయవం ఉత్పరివర్తనల తాకిడికి ఎలా కనుమరుగవుతుందో 1933లో గణితంతో పరిశీలించినవాడు జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్. ఆయన 1957లో భారతదేశానికి వచ్చి, 1961లో ఇక్కడి పౌరుడయ్యాడు. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. తన దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు రాసిచ్చాడు. దువ్వాడలో రైలెక్కి సామర్లకోటలో దిగితే కాకినాడ పక్కనే. అంత దగ్గరున్న మనిషి ఆలోచన తెలుగులో మన డిగ్రీ విద్యార్థికి అందకపోవడం నాకు బాధగా ఉంది.

అందుకే ఒక పని అడుగుతున్నాను. లేకపోయినా పెద్దగా నష్టం లేని అవయవం ఒకటి మన చేతిలోనే ఉంది. బొటనవేలికి చిటికెనవేలు ఆనించి మణికట్టును కాస్త లోపలికి వంచండి. నడిమధ్యన తీగలా లేచే నరం లాంటిది పాల్మారిస్ లాంగస్ కండరపు స్నాయువు. కొందరికి అది ఉండదు, అయినా వాళ్ల పట్టుకు చెప్పుకోదగ్గ లోటు ఉండదు. శస్త్రవైద్యులు దాన్ని తీసి, తెగిన మరో స్నాయువు స్థానంలో అతికిస్తారు. లేనివాళ్లు కొన్ని జనసమూహాల్లో నూటికి నలుగురైదుగురే, మరికొన్నింటిలో పాతికమంది దాకా.

దువ్వాడ, కూర్మన్నపాలెం, గాజువాక కళాశాలల అధ్యాపకులు తమ విద్యార్థుల్లో ఒప్పుకున్నవాళ్లందరి రెండు చేతుల్లోనూ ఈ స్నాయువు ఉందో లేదో చూడండి. వీలైతే వాళ్ల తల్లిదండ్రులవీ చూసి రాసుకోండి. వచ్చే సభలో మొదటి పత్రం ఆ లెక్కల మీదే ఉండాలని అధ్యక్షుడిగా ప్రతిపాదిస్తున్నాను.