పిల్లలకు మనం ఇచ్చిపోయేదేంటి?
(పల్లెలో తల్లిదండ్రుల మీటింగులో చేసిన ప్రసంగం)



కూలి రేట్ల గురించి, పట్టాల గురించి, కేసుల గురించి ఎన్నో మీటింగులు పెట్టుకున్నాం. ఇవాళ మన పిల్లల గురించి మాట్లాడుకుందాం. రాసివ్వడానికి మనకు ఎకరాలు లేవు. మరి పిల్లలకు ఇచ్చిపోయేదేంటి? జ్ఞాపకాలు. అవి మంచివో చెడ్డవో రోజూ మన ఇంట్లోనే తేలిపోతుంది.

1901లో బాబాసాహెబ్‌కి తొమ్మిదేళ్ళు. అన్నతో, ఇంకా చిన్నపిల్లలతో కలిసి సతారా నుంచి కోరేగావ్‌లో ఉన్న తండ్రి దగ్గరకు బయల్దేరారు. మసూరు స్టేషన్‌లో దిగాక కులం తెలిసి బండివాళ్ళు ఎక్కించుకోలేదు. రెట్టింపు కిరాయిచ్చి, బండి తామే తోలుకుపోవాల్సొచ్చింది. చేతిలో అన్నం ఉంది, తాగడానికి నీళ్ళు పోసేవాళ్ళు లేరు. ఆ రాత్రి ఆకలితోనే పడుకున్నారు. పెద్దయ్యాక ఆయనే దీన్ని రాశారు.

ఆయనకు ఇంకో జ్ఞాపకం కూడా ఉంది. బొంబాయి పరేల్‌లో ఒకే ఒక గది. తండ్రి రాంజీ కొడుకుని పెందలాడే పడుకోబెట్టి, తాను మేలుకుని ఉండి, రాత్రి రెండింటికి లేపి చదువుకి కూర్చోబెట్టేవారు. పుస్తకం కావాలంటే పెళ్ళయిన కూతుళ్ళ దగ్గర అప్పు తెచ్చి కొనిచ్చేవారు. 1907లో కొడుకు మెట్రిక్ పాసయ్యాడు.

చూశారా? అవమానాన్ని లోకం అడక్కుండానే ఇచ్చింది. దాన్ని తట్టుకునే బలాన్ని ఇంట్లో నాన్న ఇచ్చాడు. మనమూ చెయ్యాల్సింది ఇదే.

1985 కారంచేడు, 1991 చుండూరు పిల్లలకు చెప్పాలి. అయితే భయం దగ్గరే ఆపొద్దు. చుండూరులో చనిపోయిన మనవాళ్ళని ఊళ్ళోనే పాతి, ఆ చోటుని రక్తక్షేత్రం అన్నారు. అదే ఊళ్ళో ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007లో శిక్షలు పడ్డాయి. 2014లో హైకోర్టు కొట్టేసింది. అదీ దాచొద్దు. తలవంచని వాళ్ళ బిడ్డలమని వాళ్ళకు తెలియాలి.

దీనికి డబ్బుతో పనిలేదు. రాత్రి అన్నం దగ్గర అరగంట చాలు. సెల్‌ఫోన్ పిల్లల్ని పెట్టెయ్యమనేముందు మనం పక్కన పెడదాం. మనకు చదువు రాకపోతే పిల్ల చేత పేపరు చదివించుకుని విందాం. "మా అమ్మకి నేనే చదివి వినిపించేదాన్ని" అని ఆ పిల్ల ముసలిదయ్యేదాకా చెప్పుకుంటుంది. డప్పు ఎట్లా కాస్తారో, చెప్పు ఎట్లా కుడతారో సిగ్గుపడకుండా చెబుదాం. ఆ పనే చెయ్యమని కాదు. ఆ చేతుల్లో తెలివుందని తెలియడానికి.

హాస్టలుకి పోయినప్పుడు మార్కులొక్కటే అడగొద్దు. "ఎవరి పక్కన కూర్చుంటున్నావు? ఎవరన్నా మాటన్నారా?" అని అడుగుదాం. ఈడొచ్చిన పిల్లలు ఎదురుగా కూర్చోబెడితే నోరు విప్పరు. గడ్డిమోపు కడుతూ, గిన్నెలు కడుగుతూ మాట్లాడితే విప్పుతారు. గిన్నెలు మగపిల్లాడి చేత కూడా కడిగిద్దాం. తాగొచ్చి అమ్మని కొట్టే నాన్న కూడా పిల్లలకు జ్ఞాపకమే. అది మాత్రం మనం ఇవ్వొద్దు.

దీనికి మంచిరోజు చూడక్కర్లేదు. ఇప్పుడు ఇంటికి పోతూ, పక్కనున్న బిడ్డ చెయ్యి పట్టుకుని, "ఇవాళ ఏం విన్నావురా?" అని అడగండి. చెప్పేదాకా ఆగండి.

జై భీమ్!