ఎరల పెట్టెలో అయిదు చాలు
(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"అమెరికా వెళ్ళివచ్చారు గదా, ఆ విశేషాలు చెప్పండి" అని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. నయాగరా గురించి, న్యూయార్కు గురించి ఇదివరకే మనవాళ్ళు చక్కగా చెప్పారు. నేను అవేవీ చూడలేదు. నేను అక్కడ చేపలు పట్టాను. కనక దాని గురించే, అందులోనూ ఒక్క చిన్న సంగతే మనవి చేస్తాను. సముద్రపు నీటిలో సాల్మన్ చేపను పట్టడానికి ఎన్ని రకాల ఎరలు కావాలి? వాటిని ఎలా ఏరుకోవాలి?

2021లో నా భార్య కాలం చేసింది. 2023 ఏప్రిల్‌లో మా అబ్బాయి వచ్చి నన్ను సియాటిల్ దగ్గర తన ఇంటికి తీసుకుపోయాడు. లోటేమీ లేదు. కోడలు బంగారం. కానీ పగలంతా వాళ్ళ పనులు వాళ్ళవి. సాయంత్రం వాడు వచ్చి "భోంచేశావా నాన్నా?" అనేవాడు. "చేశానురా" అనేవాణ్ణి. అంతటితో సరి. వాళ్ళమ్మ ఉన్నన్నాళ్ళూ మా ఇద్దరి మధ్య మాటలన్నీ ఆవిడ ద్వారానే నడిచేవి, మన ఆఫీసు భాషలో త్రూ ప్రాపర్ ఛానెల్. ఇప్పుడు ఆ ఛానెల్ లేదు. డైరెక్టుగా రాసుకోవడం ఇద్దరికీ అలవాటు లేదు.

జులైలో ఒకరోజు కార్ల షెడ్డులో ఒక పెద్ద ప్లాస్టిక్ పెట్టె కనబడింది. తెరిస్తే అరల నిండా రంగురంగుల ఉత్తుత్తి చేపలు. లోహంతోనో ప్లాస్టిక్‌తోనో చేసి కొక్కెం తగిలిస్తారు. వీటిని లూర్లు అంటారు. లెక్కపెట్టాను, అరవై నాలుగు. "రెండు వేసవుల నుంచీ వెళ్తున్నాను నాన్నా, ఒక్క చేపా పడలేదు. వెళ్ళినప్పుడల్లా కొత్తది కొంటాను" అన్నాడు. నేను కోనసీమలో పుట్టినవాణ్ణి. చిన్నప్పుడు కాలవ గట్టున గాలానికి వానపాము గుచ్చి, బెండు కట్టి కూర్చున్నవాణ్ణి. "ఈసారి నేనూ వస్తాను" అన్నాను. వాడు నాకూ లైసెన్సు తీసుకున్నాడు. అక్కడ లైసెన్సు లేకుండా గాలం వేయకూడదు.

ఎడ్మండ్స్ అనే ఊళ్ళో, ఫెర్రీ రేవుకు దగ్గర్లో, చేపలు పట్టుకునేవారి కోసమే సముద్రంలోకి కట్టిన వారధి ఉంది. ఆదివారం తెల్లవారకముందే వెళ్ళాము. మా పక్కన పోస్టాఫీసులో పనిచేసి రిటైరయిన ఒక పెద్దాయన నిలబడ్డాడు. మా వాడు రెండు గంటల్లో తొమ్మిది ఎరలు మార్చాడు. ఆ పెద్దాయన ఒక్కటీ మార్చలేదు, రెండు చేపలు పట్టాడు. నేను ఆయన పెట్టె చూపించమన్నాను. పిప్పరమెంటు బిళ్ళల డబ్బా! అందులో అయిదు రకాలు. "పెట్టెలో ఉన్న ఎరకు చేప పడదు, నీళ్ళలో ఉన్నదానికి పడుతుంది. మీ అబ్బాయి పొద్దంతా ముళ్ళు వేస్తున్నాడు" అన్నాడు.

ఆ రాత్రి పెట్టె బల్ల మీద బోర్లించి, తండ్రీ కొడుకులం పాత రికార్డు ఏరినట్టు ఏరాము. నాలుగు ప్రశ్నలు పెట్టుకున్నాము.

మొదటిది, మనం నిలబడేది ఎక్కడ? సాల్మన్ ఎరల్లో చాలావాటిని నడుస్తున్న పడవ వెనక ఈడ్చుకుపోవడానికి చేస్తారు. హూచీ అనే ప్లాస్టిక్ కుచ్చుల ఎర, రేకులాంటి పల్చటి స్పూన్లు ఆ కోవలోవి. వీటికి బరువు ఉండదు, ఒడ్డు నుంచి విసిరితే పట్టుమని పది గజాలు పోవు. మాకు పడవ లేదు. ఒక్క దెబ్బతో ముప్ఫై ఆరు పక్కకు పోయాయి.

రెండోది, చేప అప్పుడు ఏం తింటోంది? సాల్మన్ నదిలో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్ళీ నదికే వస్తుంది. మన పులస గోదావరి ఎక్కినట్టే. కాని ఈ పసిఫిక్ సాల్మన్ గుడ్లు పెట్టాక చచ్చిపోతుంది. నదిలోకి చేరాక మేత మానేస్తుంది. అందాకా ఉప్పునీటిలో తింటూనే ఉంటుంది. కోహో, చినూక్ రకాలు ముఖ్యంగా హెర్రింగ్‌ను, శాండ్ లాన్స్‌ను తింటాయి. హెర్రింగ్ మన కవళ్ళలాంటి చేప. శాండ్ లాన్స్ వేలెడు పొడుగున సన్నగా ఉండి ఇసుకలో దూరుతుంది. కనక వాటికి వెండి, తెలుపు, ఆకుపచ్చ, నీలం రంగులు, సన్నటి ఆకారం. ఇక పింక్ సాల్మన్ అని ఒకటుంది. ఆ ప్రాంతానికి అది బేసి సంవత్సరాల్లోనే పెద్ద సంఖ్యలో వస్తుంది. 2023 బేసి సంవత్సరం, మా అదృష్టం. అది రొయ్యపిల్లల్లాంటి చిన్న జీవుల్ని తింటుంది. దానికి గులాబిరంగు ఎర, అదీ చిన్నది. చేప కోసం కాక, కొనేవాళ్ళ కళ్ళ కోసం చేసిన రంగులన్నీ తీసేశాము.

మూడోది, నీటి లోతూ వేగమూ. పోటు, పాటు బలంగా ఉన్నప్పుడు తేలికైన ఎర కిందికి దిగకముందే కొట్టుకుపోతుంది. మామూలు నీటికి ఒకటిన్నర ఔన్సు, అంటే సుమారు 42 గ్రాములు. నీరు లాగుతున్నప్పుడు రెండున్నర ఔన్సులు, సుమారు 70 గ్రాములు. ఈ రెండు బరువులు చాలనుకున్నాము.

నాలుగోది, రూలు ఒప్పుకుంటుందా? ఆ సముద్రంలో సాల్మన్‌కు ఒకే మొన ఉన్న, లోపలి ముల్లు లేని కొక్కెమే వాడాలి. దుకాణంలో చాలా ఎరలకు మూడు మొనల కొక్కెం ఉంటుంది. అది తీసి ఒంటి కొక్కెం వేసి, ముల్లును పట్టకారుతో నొక్కేయాలి. ముల్లు లేకపోతే, వదలవలసిన చేపను ఎక్కువ గాయం కాకుండా వదలవచ్చు. వదలవలసినవి ఉంటాయి. ఆ ప్యూజెట్ సౌండ్ చినూక్‌ను అమెరికా ప్రభుత్వం 1999లోనే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చింది. ఏ చేప ఎప్పుడు ఉంచుకోవచ్చో సీజను సీజనుకూ మారుతుంది. మన జీవోల లాగానే, వెళ్ళేముందు తాజాది చూసుకోవాలి.

చివరికి మిగిలినవి ఇవి. బజ్ బాంబ్ అనే, నూలు కండెలా రెండు కొసలూ సన్నగా ఉండే ఎర, గులాబిరంగుది ఒకటి, ముత్యపు తెలుపుది ఒకటి. పాయింట్ విల్సన్ డార్ట్ అనే, చిన్న చేప ఆకారంలో పోతపోసిన సీసపు ఎర, ఒకటిన్నర ఔన్సులది, రెండున్నర ఔన్సులది. ఒడ్డు నుంచి విసరడానికి పనికివచ్చే బరువైన వెండి స్పూన్ ఒకటి. మొత్తం అయిదు. రాళ్ళకు తట్టుకుని తెగిపోతాయి గనక ఒక్కోటి రెండేసి. బజ్ బాంబ్‌లోనూ డార్ట్‌లోనూ కిటుకు ఒకటే. విసిరి, దిగనిచ్చి, కర్ర పైకెత్తి, మళ్ళీ పడనివ్వాలి. పడేటప్పుడే అది దెబ్బతిన్న చేపపిల్లలా గిరగిరా తిరుగుతుంది, అప్పుడే సాల్మన్ పట్టుకుంటుంది. కనక పడేటప్పుడు దారం మరీ వదులు కాకూడదు. మా వాడు గబగబా చుట్టేసేవాడు.

తీసేసినవాటి కుప్పలో ఊదారంగు మెరుపుల ఎర ఒకటుంది. చేపకు గానీ మనిషికి గానీ పనికిరాదు. నేను దాన్ని అటు విసిరితే మా అబ్బాయి మాట్లాడకుండా మళ్ళీ తీసుకున్నాడు. "ఇది అమ్మ కొన్నది నాన్నా" అన్నాడు. 2017లో మేమిద్దరం వెళ్ళినప్పుడు ఏదో దుకాణంలో ఆవిడ ముచ్చటపడి కొన్నదట. నాకు జ్ఞాపకమే లేదు. ఆ రాత్రి వాడు వాళ్ళమ్మ గురించి చాలాసేపు మాట్లాడాడు. ఆఖరి రోజుల్లో తాను రాలేకపోయిన సంగతీ చెప్పాడు. రెండేళ్ళుగా వాడు ఆ బరువు మోస్తున్నాడని నాకు తెలియదు. "నీ మీద ఆవిడకు ఏ ఫిర్యాదూ లేదురా" అన్నాను. ముందే చెప్పి ఉండవలసింది. ఆ ఎరకు ఆర్.డిస్. వేశాను, శాశ్వతంగా భద్రపరచవలసినది అని. అది ఇప్పుడు వాడి బల్ల మీద ఉంది.

ఆగస్టులో అదే వారధి మీద గులాబిరంగు బజ్ బాంబ్‌కు మా మొదటి చేప పడింది. తాడు కట్టిన గుండ్రటి వలను కిందికి దించి పైకి తీశాము. పట్టిన చేపను వెంటనే కార్డులో నమోదు చేయాలి. తేదీ, స్థలం, రకం రాసుకునే ఆ పని నాకే అప్పగించాడు. ఇన్నేళ్ళ తర్వాత రిజిస్టరు నింపుతుంటే ఎంత హాయిగా ఉందో మీకు నేను చెప్పనక్కరలేదు.

సెప్టెంబరులో విడ్బీ దీవిలోని బుష్ పాయింట్ ఒడ్డుకు వెళ్ళాము. అక్కడ నీరు నదిలా పరుగెడుతుంది. రెండున్నర ఔన్సుల డార్ట్‌కు మా అబ్బాయి గాలాన పెద్ద కోహో పడింది. వేసవి మొత్తంలో అంత చేప లేదు. ఒడ్డుకు తెచ్చి చూస్తే, వీపు మీద తోకకు దగ్గరగా ఉండే చిన్న రెక్క చెక్కుచెదరకుండా ఉంది. హేచరీలో పెంచిన చేపల్లో చాలావాటికి పిల్లప్పుడే దాన్ని కత్తిరిస్తారు. రెక్క ఉందంటే నదిలో సహజంగా పుట్టిన చేప కిందే లెక్క, ఆ సీజనులో అక్కడ వదిలేయాలి. చుట్టుపక్కల ఎవరూ లేరు. వాడు నా మొహం చూశాడు. "ఎన్.డిస్. రా" అన్నాను. "అంటే?" అన్నాడు. "మన దగ్గర ఏమీ ఉంచుకోకుండా ఒరిజినల్ వాపసు చేయడం" అన్నాను. నవ్వి, నీళ్ళలోంచి పైకి తీయకుండానే కొక్కెం జార్చేశాడు. ముల్లు లేదు గనక చటుక్కున వచ్చింది. చేప ఒక్క క్షణం అక్కడే ఆగి వెళ్ళిపోయింది.

సభ్యులకు నా మనవి ఒక్కటే. పిల్లల దగ్గరికి వెళ్ళినప్పుడు వాళ్ళు చేస్తున్న పని ఏదైనా సరే, పక్కన కూర్చుని "ఇదేమిట్రా?" అని అడగండి. చేపలే కానక్కరలేదు. ఒకవేళ చేపలే అయితే మాత్రం అయిదు ఎరలు చాలు, కొత్తవి కొనకండి.