కంప్యూటర్‌లో వసూళ్ల ఫైలు పాడైనప్పుడు
(సర్వసభ్య సమావేశంలో మాట్లాడిన మాటలు)

బ్యాంకు లింకేజీ గురించి ముందు మాట్లాడిన అక్క వివరంగా చెప్పింది. మేము వసూళ్ల ఫైలు గురించి చెప్తాం. అది ఆఫీసు వాళ్ల సంగతి, మనకెందుకు అనుకోకండి. అందులో ఉన్నది మన డబ్బే.

అన్ని సంఘాల కిస్తీలూ ఒకే ఎక్సెల్ ఫైల్లో ఉండేవి. పొద్దున ఒకరు ఎక్కిస్తే సాయంత్రం ఇంకొకరు ఎక్కించేవాళ్లు. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వేరే కంప్యూటర్‌కి కూడా తీసుకెళ్లేవాళ్లు. ఈ ఏడాది ఒకరోజు ఆ ఫైలు తెరుచుకోలేదు. పాడైందని తెర మీద వచ్చింది. వైరస్ అని ఒకరు, కంప్యూటర్ పాతదని ఒకరు అన్నారు.

బాగుచేయడానికి వచ్చిన అబ్బాయి విడమరిచి చెప్పాడు. ఎక్సెల్ ఫైలు బయటికి ఒకటిగా కనిపిస్తుంది గానీ లోపల చిన్న చిన్న ఫైళ్లు కట్టిన మూటంట. సేవ్ అవుతుండగా కరెంటు పోయినా, పెన్‌డ్రైవ్ లాగేసినా ఆ మూట సగంలో ఆగిపోతుంది. ఇంకోటి కూడా చెప్పాడు. ఇద్దరు చెరొక కాపీలో రాసి ఒకదాని మీద ఒకటి వేస్తే, ముందు రాసింది మాయమైపోతుంది. మాకైతే ఇదే ఎక్కువ భయం. పాడైన ఫైలు పాడయ్యానని చెప్తుంది, ఇది చెప్పదు.

ఎక్సెల్‌లోనే ‘ఓపెన్ అండ్ రిపేర్’ అని ఉంది. దాంతో ఫైలు తెరుచుకుంది, అందరం సంతోషపడ్డాం. తర్వాత కొత్త కిస్తీ ఎక్కిస్తే కింద మొత్తం కదల్లేదు. అంకెలు మిగిలాయి, వాటిని కూడే సూత్రాలు పోయాయి. కొన్ని వరసలు కూడా లేవు. కట్టిన వాళ్ల పేరు మీద బకాయి కనిపించింది. “కట్టిన డబ్బు మళ్లీ కట్టమంటారా?” అని ఒక అక్క అడిగితే ఎవరం నోరు తెరవలేకపోయాం. బకాయి ఉంటే తర్వాతి అప్పు ఆగుతుంది. వడ్డీ రాయితీకి కూడా గడువులో కట్టామా లేదా అనే చూస్తారు కదా.

మళ్లీ లెక్క కట్టింది కాగితాలతోనే. మినిట్స్ బుక్కు, పాసుపుస్తకాలు సరిగ్గా రాసుకున్న సంఘాల పని ఒక పూటలో అయిపోయింది. కంప్యూటర్ వచ్చింది కదా అని పుస్తకం ఆపేసిన సంఘాలు స్టేట్‌మెంట్ కోసం బ్యాంకు చుట్టూ తిరిగాయి. ఎవరినీ తప్పుపట్టడానికి చెప్పడం లేదు, రాసే చెల్లికి ఎంత పని ఉంటుందో మాకూ తెలుసు.

ఇప్పుడు ఆ ఫైల్లో ఒక్కరే రాస్తున్నారు. రోజూ సాయంత్రం తారీకు పేరుతో వేరే కాపీ పెడుతున్నారు, పాతది చెరపడం లేదు. ఒక కాపీ ఆఫీసు బయట ఉంటుంది. ఆన్‌లైన్ షీట్ అయితే అందరూ ఒకేసారి రాయొచ్చు, నిన్నటి లెక్క వెనక్కి తెచ్చుకోవచ్చు అంటున్నారు. నిజమే, కానీ సిగ్నల్ కోసం డాబా ఎక్కే ఊళ్లు మనకున్నాయి. దాని గురించి వచ్చే సమావేశంలో మాట్లాడదాం.

ఈ నెల నుంచి ప్రతి సంఘానికీ వసూళ్ల ప్రింటు వస్తుంది. సంతకం పెట్టేముందు పాసుపుస్తకం పక్కన పెట్టుకుని చూడండి. తేడా ఉంటే ఆ కాగితం మీదే రాసి వీఓఏ చేతికి ఇవ్వండి.