గుండె ఆగిన వేళ

నరసాపురము రేవున నిలిచి పంటుకొరకు ఎదురుచూచుట మనకు తరతరముల అలవాటు. ఆవలి యొడ్డున సఖినేటిపల్లి కంటికి కనబడుచునే యుండును. వశిష్ఠను దాటుటకు మాత్రము సమయము పట్టును. పెండ్లివారైనను, బేరగాండ్రైనను ఓపికతో నిలువవలసినదే. కాని గుండె ఆగిన మనుష్యునియెడ ఆ ఓపిక పనికిరాదు.

గుండె ఆగినంతనే మెదడునకు రక్తము అందదు. కొద్ది నిమిషములలోనే మెదడు చెడ నారంభించును. గుండె లయ చెదరి కూలినవారికి, సాయము లేక గడచిన ఒక్కొక్క నిమిషమునకు బ్రదుకు నాశ నూటికి 7 మొదలు 10 పాళ్ళ వంతున తగ్గునని పరిశోధకులు లెక్కకట్టిరి.

పూర్వము వైద్యులు రొమ్ము కోసి గుండెను చేతితో పిసికెడివారు. 1960లో అమెరికాయందలి జాన్స్ హాప్కిన్స్‌లో కూవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ అను మువ్వురు, రొమ్ముపైనుండి అదిమినను రక్తము ప్రవహించునని చూపిరి. వీరిలో మొదటివాడు వైద్యుడు కాడు, విద్యుత్తు ఇంజనీరు! 1966లో బెల్‌ఫాస్టు నగరమున పాంట్రిడ్జి అను వైద్యుడు గుండెకు విద్యుద్ఘాత మిచ్చు పరికరమును బండి నెక్కించి రోగి యింటికే పంపెను. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2005 ఆగస్టు 15న 108 సేవ ఆరంభమయ్యెను. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయపు వైద్యులు ఆ సంస్థతో కలిసి పారామెడిక్కులకు శిక్షణ నిచ్చిరి.

అయినను బండి ఎంత వేగముగా వచ్చినను కొన్ని నిమిషములు పట్టును. ఆ నిమిషములు ప్రక్కనున్నవారివి. మనమేమి చేయుదుము? చుట్టును మూగుదుము, విసరుదుము, నోట నీళ్ళు పోయుదుము. తెలివిలేనివానికి నీళ్ళు పోయుట అపాయము.

పడినవానిని తట్టి పిలువుడు. పలుకక, ఊపిరి తీయక, లేదా ఎగశ్వాస మాత్రము తీయుచున్నచో, ఒకరిచే 108కి ఫోను చేయించుడు. గట్టినేలపై వెల్లకిల పరుండబెట్టి, రొమ్ము నడుమ ఒక అరచేతి మడమ నుంచి, దానిపై రెండవచేతిని మోపి, మోచేతులు వంచక 5 సెంటీమీటర్ల లోతునకు, 6 మించకుండ అదుముడు. నిమిషమునకు 100 మొదలు 120 మారులు. ప్రతి అదుముపిదప రొమ్మును పూర్తిగా పైకి లేవనీయుడు. రెండు నిమిషముల కొకమారు మనిషి మారుట మేలు. ప్రక్కటెముక విరుగునేమోయని జంకవలదు. విరిగిన ఎముక అతుకుకొనును.

మన సీమలో కాలువలు హెచ్చు. నీట మునుగు ప్రమాదములును హెచ్చే. మునిగినవానిని తలక్రిందులుగా వ్రేలాడదీయుట, గిరగిర త్రిప్పుట, కడుపు నొక్కుట తప్పు. అట్టివానికి ముందు కావలసినది ఊపిరి. తల వెనుకకు వంచి, ముక్కు మూసి, నోట ఊపిరి నూదుడు. పిదప 30 అదుములకు 2 ఊపిరులు చొప్పున సాగింపుడు.

ఇది పుస్తకము చదివి వచ్చు విద్య కాదు, చేతికి రావలసినది. ఇంటి కొక్కరైనను శిక్షణ పొందుడు. మన చేతులు నేర్చిన విద్య ఏనాడు ఏ యింటి దీపమును నిలుపునో యెవరెరుగుదురు? అది మన యిల్లే కావచ్చును.