మార్టూరు చేల నుంచి బాసెల్ కోర్టు దాకా

పర్యావరణ న్యాయవాదుల అంతర్జాతీయ కూటమి అనగానే జెనీవా సమావేశ మందిరాలు మనసులో మెదులుతాయి. అలాంటి కూటములు ఇప్పటికే ఉన్నాయి. వాటిలో ఒకటి 1989లో అమెరికాలోని ఒరెగాన్‌లో, పలు దేశాల ప్రజాప్రయోజన న్యాయవాదులు చేయీచేయీ కలపగా మొదలైంది. అందరికీ చోటున్న కూటమి కావాలని అంటున్నప్పుడు లోటు ఎక్కడుందో ముందు చూడాలి. దేశానికీ దేశానికీ మధ్య పోగులు బాగానే అల్లుకున్నాయి. తెగి ఉన్నది చేలో పురుగుమందు కొట్టే కూలీకీ, పక్క ఊళ్లోని వకీలుకూ మధ్య ఉండాల్సిన పోగు. దాన్ని ముడివేయగలిగినవాళ్లు న్యాయశాస్త్ర పట్టాలు అందుకుంటున్న మీరే.

యవత్మాల్ సంగతి చూడండి. మన ఆదిలాబాద్‌కు ఆనుకుని ఉన్న మహారాష్ట్ర జిల్లా అది. ఇక్కడ మార్టూరులోలాగే నల్లరేగడి, ఇక్కడిలాగే పత్తి. 2017లో మందు కొడుతూ విషం సోకి వందల మంది ఆసుపత్రుల్లో చేరారు, ఇరవై మందికి పైగా చనిపోయారు. అక్కడ వాడిన మందుల్లో డయాఫెంథియురాన్ ఒకటి. స్విట్జర్లాండ్ దాన్ని 2009లోనే తన మార్కెట్ నుంచి తప్పించింది, ఎగుమతిని మాత్రం ఆపలేదు. 2020 సెప్టెంబరులో ఇద్దరు మృతుల భార్యలు, బతికి బయటపడ్డ ఒక రైతు బాసెల్‌లో సింజెంటా కంపెనీపై దావా వేశారు. మరో 51 మంది తరఫున స్విస్ ప్రభుత్వ యంత్రాంగానికి ఫిర్యాదు అందింది. బాధ్యత తనది కాదని కంపెనీ వాదించింది, దాన్ని తేల్చే పని కోర్టుకు చేరింది. నన్ను ఆలోచింపజేసేది ఆ దావా అంత దూరం నడిచిన తీరు. యూరప్ న్యాయవాదుల నైపుణ్యం ఉన్నమాట నిజమే. కానీ ఏ రోజు ఏ మందు కొట్టారు, డబ్బా ఏమైంది, ఆసుపత్రి చీటీలో ఏం రాశారు అని ఇంటింటికీ వెళ్లి మరాఠీలో అడిగి రాసుకున్న స్థానికులు లేకపోతే ఆ నైపుణ్యం దేనిమీద నిలబడేది? అదే ఏడాది స్విస్ ప్రభుత్వం డయాఫెంథియురాన్‌తో కలిపి అయిదు మందుల ఎగుమతిని 2021 నుంచి ఆపాలని నిర్ణయించింది.

ఇప్పుడు మన వైపు చూద్దాం. 1987-88లో తెల్లదోమ పత్తిని తినేసినప్పుడు ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో అప్పులపాలైన రైతులు ప్రాణాలు తీసుకున్నారు. చేలో కొట్టాల్సిన మందునే తాగి పోయినవాళ్లున్నారు. చట్టం ఆ బాధ వెంట సరిగా నడవలేదు. నిజానికి పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్ పుట్టుకలో తెలుగు నేల పాత్ర ఉంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నీటిని కాపాడే ఎం.వి. నాయుడు కేసులో, 1999లో, శాస్త్రవేత్తలకూ చోటున్న పర్యావరణ న్యాయస్థానాల అవసరాన్ని సుప్రీంకోర్టు తరఫున చెప్పింది జస్టిస్ ఎం. జగన్నాథరావు. అయినా 2010 ట్రిబ్యునల్ చట్టం షెడ్యూలులోని ఏడు చట్టాల్లో 1968 నాటి పురుగుమందుల చట్టం లేదు. మందు సోకిన కూలీ నేరుగా ఆ చట్టం పేరు మీద ట్రిబ్యునల్ తలుపు తట్టలేడు. తట్టగలిగే కేసుల్లోనూ దక్షిణ ధర్మాసనం ఉన్నది చెన్నైలో, ఇక్కడికి 300 కిలోమీటర్ల పైన. చాలా వివాదాలకు గడువు ఆరు నెలలే.

భాష అడ్డంకి అంతకంటే పెద్దది. 2006 పర్యావరణ అనుమతుల నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు ముందు స్థానిక భాషలో ఇవ్వాల్సింది నివేదిక సారాంశం మాత్రమే. కొండ తొలిస్తే ఊరి చెరువు ఏమవుతుందో వివరించే అసలు పుటలు ఇంగ్లీషులోనే ఉండిపోతాయి. బల్లికురవ గ్రానైట్ కొండల కింద బతికేవారికి ఈ తేడా చిన్నది కాదు. 2020లో ఆ నోటిఫికేషన్‌ను మార్చే ముసాయిదాను 22 భాషల్లోకి అనువదించాలని ఢిల్లీ హైకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. అనువాదంలో చట్టం కచ్చితత్వం పోతుందని కొందరు పెద్దలు అంటారు. ఆ భయం ఉత్తిది కాదు, అందుకే ఆ పని న్యాయం చదివినవాళ్లు చేయాలి. అసలు కచ్చితత్వం ముందుగా పోయేది కూలీ నోటి మాట ఇంగ్లీషు అఫిడవిట్‌గా మారేటప్పుడు. ‘కళ్లు తిరిగినయ్, నోట్లో నురగొచ్చింది’ అన్న వాంగ్మూలం ‘అస్వస్థత’గా కుదించుకుపోతే, సాక్ష్యంలో సగం అక్కడే రాలిపోతుంది.

మాస్కు పెట్టుకోని కూలీదే తప్పన్న వాదన మందుల కొట్టు దగ్గర రోజూ వినిపిస్తుంది. ఎండలో, ఉక్కలో, వీపున తైవాన్ పంపు మోస్తూ రబ్బరు దుస్తుల్లో ఎవరు నడవగలరు? వేడి దేశాల చిన్న రైతులకు, కూలీలకు అలాంటి రక్షణ దుస్తులు తప్పనిసరయ్యే మందులనే ఇవ్వకుండా ఉండాలని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ నియమావళే చెబుతోంది. విదేశీ సంస్థల జోక్యమనే అభ్యంతరం ఇంకొకటి. ప్రమాదకరమైన మందుల సమాచారాన్ని దేశాలు పంచుకోవాలన్న రోటర్‌డామ్ ఒప్పందంలో మనమూ సభ్యులమే. 2011లో ఎండోసల్ఫాన్ అనే పురుగుమందును స్టాక్‌హోమ్ ఒప్పందం నిషేధ జాబితాలో చేర్చిన కొద్ది రోజులకే మన సుప్రీంకోర్టు కేరళలోని కాసరగోడ్‌లో ఆ మందు తెచ్చిన బాధ చూసి దాన్ని ఆపింది. బయటి సమాచారం వచ్చింది, నిర్ణయం మనదే అయింది. 2021లో నల్ల తామరపురుగు మిరపను ఊడ్చేసినప్పుడు మందు లేకుండా ఎలాగన్న రైతు ప్రశ్న మాత్రం వీటన్నిటికంటే బరువైనది. దానికి జవాబు లాయర్ల దగ్గర ఒక్కచోటే దొరకదు. వ్యవసాయ శాస్త్రవేత్తలూ, వైద్యులూ, కౌలు రైతులూ లేని కూటమిని అందరిదీ అనలేకపోవడానికి కారణం అదే.

వానలు పడి పత్తి ఎదగగానే అందులో మొదటి మందు పడుతుంది. కొట్టు బిల్లు మీద ఉండేది రైతు పేరు, కూలీ పేరు ఎక్కడా ఉండదు. ఏ చేలో, ఏ తేదీన, ఏ బ్యాచ్ నంబరు మందు, ఎవరు కొట్టారు అని తెలుగులో రాసే ఒక్క కాగితం ప్రతి ముఠా మేస్త్రీ దగ్గరా ఉండేలా ఈ సీజన్‌లోనే మొదలుపెట్టండి. దాన్ని చెన్నైకి పంపాలా, బాసెల్‌కు పంపాలా అన్నది ఆ తర్వాత మీరూ మీ సహచరులూ కలిసి తేల్చుకోవచ్చు.