60 వేలకి రెండు ల్యాప్‌టాప్‌లు: బిజినెస్‌దా, ఇంటిదా?

కౌన్సెలింగ్ అయిపోయి ఇంజినీరింగ్ సీటు ఖాయం అవ్వగానే ఇంట్లో ఒక చర్చ మొదలవుతుంది. ల్యాప్‌టాప్ ఏది కొనాలి? షాపుకి వెళ్తే ఒక పక్క మంచి రంగుల్లో, స్క్రీన్ మీద సినిమా ట్రైలర్ ఆడుతూ ఒక వరస ఉంటుంది. ఇంకో మూలన నల్లగా, సాదాసీదాగా, బ్యాంకు మేనేజర్ టేబుల్ మీద ఉండేలాంటివి రెండు మూడు ఉంటాయి. రేటు చూస్తే రెండూ 60 వేల దగ్గరే. పైగా నల్లదాని స్క్రీన్ కొంచెం డల్, ప్రాసెసర్ కూడా ఒక మెట్టు కిందే. మరి దానికి అంత డబ్బు ఎందుకు? ఈ రోజు దీని గురించే మాట్లాడుకుందాం.

ముందు పేర్లు. లెనోవోలో థింక్‌ప్యాడ్, హెచ్‌పీలో ప్రోబుక్, ఎలైట్‌బుక్, డెల్‌లో లాటిట్యూడ్, ఇవి బిజినెస్ లైన్. ఐడియాప్యాడ్, పెవిలియన్, ఇన్‌స్పిరాన్, ఆసుస్ వివోబుక్, ఇవి ఇంటి వాడకానికి చేసినవి. 2025లో డెల్ పేర్లు మార్చింది, కొత్త బిజినెస్ మోడల్స్ మీద ఇప్పుడు డెల్ ప్రో అని ఉంటుంది.

అసలు తేడా ఏంటంటే, వాటిని కొనేవాళ్ళు వేరు. ఇంటి ల్యాప్‌టాప్‌ని మనం షాపులో 10 నిమిషాలు చూసి కొంటాం. కాబట్టి ఆ 10 నిమిషాల్లో కంటికి, చెవికి తెలిసేవాటి మీద కంపెనీ ఎక్కువ డబ్బు పెడుతుంది. బిజినెస్ ల్యాప్‌టాప్ కొనేది ఆఫీసు ఐటీ టీమ్. ఒకేసారి వందల్లో కొంటారు, తర్వాత 3, 4 ఏళ్ళు వాటి తలనొప్పి వాళ్ళే పడాలి. వాళ్ళకి ట్రైలర్ అక్కర్లేదు. పాడైతే ఎంతసేపట్లో బాగవుతుంది అనేదే వాళ్ళ లెక్క. డబ్బు అటు వెళ్తుంది.

ఒక ఉదాహరణ చెప్తాను. నేను సాఫ్ట్‌వేర్ జాబ్ చేసే రోజుల్లో ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఒక కీ పనిచేయడం మానేసింది. ఐటీ అబ్బాయి వచ్చి, నాలుగు స్క్రూలు విప్పి, అరగంటలో కొత్త కీబోర్డు వేసి వెళ్ళిపోయాడు. చాలా ఇంటి ల్యాప్‌టాప్‌లలో కీబోర్డుని పై ప్యానెల్‌కే అతికించేస్తారు. ఒక్క కీ పోయినా ప్యానెల్ మొత్తం మార్చాలి. రిపేర్ బిల్లు ఎందుకు పెరుగుతుందో అర్థమైంది కదా.

అందుకే మీరు షాపులో ఈ మూడూ అడగండి. ఒకటి, ర్యామ్ స్లాట్ ఉందా, లేక బోర్డు మీదే సోల్డర్ చేసేశారా? బిజినెస్ అంటే కచ్చితంగా స్లాట్ ఉంటుందని అనుకోవద్దు. బాగా సన్నగా ఉండే ఖరీదైన థింక్‌ప్యాడ్ ఎక్స్1 కార్బన్‌లో కూడా ర్యామ్ సోల్డరే. రెండు, వారంటీ ఎన్నేళ్ళు? మూడు, సర్వీస్ ఆన్‌సైటా, అంటే ఇంజినీర్ మన ఇంటికే వస్తాడా, లేక మనమే సర్వీస్ సెంటర్‌కి మోసుకెళ్ళాలా? మీది చిన్న ఊరైతే ఇంకో ప్రశ్న కలపండి: మా పిన్‌కోడ్‌కి ఆన్‌సైట్ ఇస్తారా? ఇది మాటల్లో కాదు, కాగితం మీద చూడండి. ఇంకోటి, మామూలు వారంటీలో కింద పడటం, టీ ఒలకడం లాంటివి రావు. దానికి వేరే ప్లాన్ కొనుక్కోవాలి.

అలాగని ఇంటి ల్యాప్‌టాప్‌ని తక్కువ చేయట్లేదు. అదే డబ్బుకి మంచి స్క్రీన్, మంచి స్పీకర్లు, చాలాసార్లు వేగంగా ఉండే ప్రాసెసర్ వస్తాయి. ఇంటెల్‌లో యూ సిరీస్ ప్రాసెసర్‌కి బేస్ పవర్ మామూలుగా 15 వాట్లు, హెచ్ సిరీస్‌కి అంతకంటే ఎక్కువ. మామూలు బిజినెస్ మోడల్స్‌లో ఎక్కువగా యూ కనబడుతుంది. వీడియో ఎడిటింగ్, గేమ్స్, త్రీడీ పని ఉన్నవాళ్ళకి హెచ్ సిరీస్, దాంతో పాటు వేరే గ్రాఫిక్స్ కార్డు కావాలి. రంగుల పని ఉంటే స్క్రీన్ వివరాల్లో 100 శాతం ఎస్ఆర్‌జీబీ అని చూసుకోండి. 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని ఉంటే ఎరుపు కూడా వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. ఇది రెండు లైన్లలోనూ ఉంటుంది, జాగ్రత్త.

ఇక "మిలిటరీ గ్రేడ్" అనే స్టిక్కర్ సంగతి. మిల్ ఎస్‌టీడీ 810 అనేది అమెరికా రక్షణ శాఖ రాసిన పరీక్షల పద్ధతి. అందులో ఏయే పరీక్షలు చేయాలో ల్యాప్‌టాప్ కంపెనీయే ఎంచుకుంటుంది. ఆర్మీ వాళ్ళు చూసి ఇచ్చే సర్టిఫికెట్ కాదు. ఇప్పుడు ఇంటి మోడల్స్ మీద కూడా వేస్తున్నారు. దాన్ని చూసి కొనకండి.

60 వేలు లేవు, 25 వేలే ఉన్నాయి అనేవాళ్ళకి ఇంకో దారి ఉంది. ఆఫీసులు వాడి వదిలేసిన బిజినెస్ ల్యాప్‌టాప్‌లు రీఫర్బిష్డ్ పేరుతో సికింద్రాబాద్ సీటీసీ లాంటి చోట్ల దొరుకుతాయి. తీసుకుంటే ఇవి చూసుకోండి. విండోస్ 10కి ఫ్రీ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, కాబట్టి ఇంటెల్ అయితే కనీసం 8వ జనరేషన్ ఉండాలి, అప్పుడే విండోస్ 11 అధికారికంగా నడుస్తుంది. బయోస్‌లోకి వెళ్ళి పాస్‌వర్డ్ అడుగుతుందేమో చూడండి. విండోస్ రీసెట్ చేయించి, నెట్ కనెక్ట్ చేశాక పాత కంపెనీ పేరుతో లాగిన్ అడిగితే దాన్ని అక్కడే వదిలేయండి. అది ఇంకా ఆ కంపెనీ కంట్రోల్‌లోనే ఉన్నట్టు. బిల్లు లేకుండా మాత్రం అస్సలు కొనొద్దు.

చివరిగా నా అభిప్రాయం. ఆఫీసులో ఒక ల్యాప్‌టాప్ పాడైతే సాయంత్రానికి ఇంకోటి చేతికిస్తారు. నాన్న చీటీ పాడి తెచ్చిన డబ్బుతో మీరు ఒక్కటే కొంటున్నారు, నాలుగేళ్ళు అదే నడవాలి. సెమిస్టర్ ప్రాజెక్ట్ ముందు రోజు అది ఆగిపోతే మీకు రెండోది ఇచ్చేవాళ్ళు లేరు. కాబట్టి ఆ ఐటీ టీమ్ అడిగే ప్రశ్నలు వాళ్ళకంటే మీకే ఎక్కువ అవసరం. హాస్టల్, బస్సు, బ్యాగు, రోజూ కోడింగ్, ఇదే మీ జీవితమైతే ఆ నల్లదాన్నే తీసుకోండి. సినిమాలకి సాయంత్రం ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే సరిపోతుంది. ఎడిటింగ్, డిజైన్, గేమ్స్ మీ అసలు పనైతే, లేదా ల్యాప్‌టాప్ ఇంట్లో టేబుల్ మీద నుంచి కదలదంటే, ఇంటి మోడలే మీకు లాభం. మిగిలే డబ్బులో కొంత ఎక్స్‌టెండెడ్ వారంటీకి పెట్టండి.

మీ బడ్జెట్, మీ బ్రాంచ్, మీ ఊరు కింద కామెంట్‌లో రాయండి, వీలైనంతమందికి జవాబిస్తాను.